అన్నీ తెలిసినా ఏడో నెల దాకా చెకప్‌కి ఎందుకు రారు?

వెన్నెలదారి
గర్భిణుల చెకప్‌ల మీద ఏ రిపోర్టు తీసినా చివర్లో ఒకటే మాట: "మహిళల్లో అవగాహన లోపం". నేను ప్రజారోగ్యం చదువుతున్నాను. ప్రాజెక్టు పని మీద ఇళ్ళకు వెళ్ళి మాట్లాడుతుంటాను. పోయిన వారం ఒకామెను కలిశాను. ఏడో నెల నడుస్తోంది, ఇంతవరకు ఒక్కసారి కూడా చెకప్‌కి వెళ్ళలేదు. కానీ ఐరన్ మాత్ర ఎందుకు వేసుకోవాలో, కళ్ళు బైర్లు కమ్మితే ఎందుకు పరుగెత్తాలో నాకంటే చక్కగా చెప్పింది. "మరి ఎందుకు వెళ్ళలేదమ్మా?" అంటే కాసేపు మాట్లాడలేదు. లోపలికి వెళ్ళి పెట్టెలోంచి ప్లాస్టిక్ కవరు చుట్టిన పాత కార్డు తెచ్చింది. మొదటి కాన్పుది. "ఇది పట్టుకుని నాలుగుసార్లు వెళ్ళాను. కార్డుతో మాట్లాడారు గానీ నాతో ఎవరూ మాట్లాడలేదు" అంది.

దీన్ని అవగాహన లోపం అని రాయడానికి నాకు చెయ్యి రావట్లేదు. మీ ఇళ్ళలో, మీ పనిలో చూసినవి చెప్పండి.

పాత_సైకిల్
కోపం తెచ్చుకోకండి. ఇప్పుడు చాలా దేశాల్లో చెకప్ ఉచితం, మాత్రలు ఉచితం. నెలకో పూట కేటాయించలేరా? కడుపులో బిడ్డ కోసం కూడా కుదరదంటే అది అశ్రద్ధ కాక ఏమిటి?

చిరుగాలి
ఆ "పూట" ఎవరి చేతిలో ఉందో కూడా చెప్పండి సార్.

తులసికోట
పాత_సైకిల్ గారూ, ఒక పూట కాదండీ. నా రెండో కాన్పు లెక్క చెప్తాను.

చీకటితో లేచి వంట, పెద్దాడికి స్నానం. వాణ్ణి ఎవరికి వదిలిపెట్టాలి? పక్కింటామె ఒప్పుకుంటే సరే, లేకపోతే చంకనెత్తుకునే వెళ్ళాలి. బస్సు. టోకెన్ కోసం ఒక లైను, బరువు, బీపీ కోసం ఇంకో లైను, డాక్టరు గది ముందు మరొకటి. రక్తం తీసుకునేసరికి మధ్యాహ్నం. "రిపోర్టు రేపు వస్తుంది, రేపు రా" అంటారు. అంటే రెండు రోజులు, రెండు రోజుల కూలీ. నా కూలీ మాత్రమే కాదు, తోడు వచ్చినవాళ్ళది కూడా. చెకప్ ఉచితమే, అక్కడిదాకా చేరడమే ఉచితం కాదు.

ఇంకో సంగతి. నాకు నాలుగో నెల దాకా గర్భం అని తెలియనే లేదు. పెద్దాడు పాలు తాగుతున్నాడు, నెలసరి ఇంకా మొదలవలేదు. పాలిస్తున్నప్పుడు రాదులే అనుకున్నాను. వేవిళ్ళు కూడా లేవు. కడుపులో కదిలినట్టు అనిపించినప్పుడు తెలిసింది. నర్సు అడిగిన మొదటి మాట, అందరి ముందు: "ఇన్నాళ్ళు ఏం చేశావ్?" నేను తలొంచుకుని నిలబడ్డాను. మళ్ళీ ఎనిమిదో నెల దాకా అటు పోలేదు.

బండి_చక్రం
అక్క చెప్పింది నిజం. మా ఆవిడ విషయంలో తప్పు నాదే. నేను దూరం పని మీద నెలల తరబడి బయటే ఉంటాను. ఫోన్ చేసినప్పుడల్లా "బాగున్నావా" అనడం, "బాగున్నా" అనడం. చెకప్‌కి వెళ్ళావా అని నేను అడగలేదు, డబ్బులు కావాలని తను అడగలేదు. నేను పంపినవి మా అమ్మ దగ్గర ఉండేవి. అత్తగారిని అడిగి డబ్బు తీసుకుని, ఒంట్లో బాగానే ఉన్నప్పుడు ఆసుపత్రికి పోవడమంటే కోడలికి ఎంత ఇబ్బందో నాకు తర్వాత అర్థమైంది. రెండోసారి డబ్బు నేరుగా తన చేతికే పంపాను, తారీఖులు ఫోన్లో అలారం పెట్టుకున్నాను. అలారం మోగితే నా తోటి డ్రైవర్లంతా "వదినకి ఫోన్ చెయ్" అని అరిచేవాళ్ళు.

చిరుగాలి
ఆ డ్రైవర్లందరికీ నా దండాలు చెప్పండి 😊

గణితం_మాస్టారు
సర్వే డేటాతో పని చేస్తాను కాబట్టి ఆ వైపు నుంచి కొంచెం.

ముందు ఎన్నిసార్లు వెళ్ళాలో చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో నాలుగు విజిట్ల పద్ధతి తెచ్చింది. అర్జెంటీనా, క్యూబా, సౌదీ అరేబియా, థాయ్‌లాండ్‌లలో జరిపిన పెద్ద అధ్యయనం దానికి ఆధారం. తక్కువసార్లు వచ్చినా, వచ్చినప్పుడు సరిగ్గా చూస్తే చాలన్నది ఆలోచన. తర్వాత మళ్ళీ లెక్కలు చూస్తే, విజిట్లు తగ్గించిన చోట పురిటికి ముందూ వెనకా శిశు మరణాలు కాస్త ఎక్కువగా ఉన్నట్టు కనబడింది. అందుకే 2016లో కనీసం 8సార్లు అని మార్చారు. మొదటిది 12 వారాల లోపు, తర్వాత 20, 26, 30, 34, 36, 38, 40 వారాలకు.

ఇక ఎవరు వెళ్తున్నారు, ఎవరు వెళ్ళట్లేదు? అభివృద్ధి చెందుతున్న దేశాల అధ్యయనాలన్నీ కలిపి చూసిన ఒక సమీక్ష 2008లో వచ్చింది. తల్లి చదువు, భర్త చదువు, ఇంటి ఆదాయం, ఖర్చు, సేవ దగ్గర్లో ఉండటం, ముందు కాన్పుల్లో ఇబ్బంది వచ్చిందా లేదా, ఇవన్నీ మళ్ళీ మళ్ళీ కనబడ్డాయి. ఎక్కువ కాన్పులైనవాళ్ళు తక్కువసార్లు వెళ్తారు.

చదువు అనగానే "చూశారా, అవగాహనే" అనకండి. చదువుకున్న అమ్మాయికి పాఠాలతో పాటు ఇంకా చాలా వస్తాయి. ఇంట్లో మాట చెల్లుతుంది, బోర్డు చదువుకుని ఒంటరిగా వెళ్ళగలదు, డాక్టరును తిరిగి ప్రశ్న అడగగలదు. సర్వేలో అవన్నీ కలిసి "చదువు" అనే ఒక్క గడిలో పడతాయి.

పాత_సైకిల్
ఇది నేను ఆలోచించలేదు. అయినా ఎక్కువ కాన్పులైనవాళ్ళు తక్కువ వెళ్తారంటే, అనుభవం ఉంది కదా అనే ధీమానే కదా?

శారదరాత్రి
ధీమా ఒకటే కాదు. నాకు నలుగురు. నాలుగోసారికి ఇంట్లో పనెంతో, నాకు మిగిలిన ఓపికెంతో నాకే తెలుసు. ఇంకోటి కూడా చెప్తాను, ఇక్కడ పేరు కనబడదు కాబట్టి. నాలుగోది నేను కోరుకున్నది కాదు. వద్దనుకున్న గర్భంతో ఆడది మొదటి మూడు నెలలు ఎవరికీ చెప్పదు, తనకు తాను కూడా చెప్పుకోదు. కార్డు రాయించుకుంటే ఖాయమైపోయినట్టే అనిపిస్తుంది. ఇప్పుడు వాడంటే నాకు ప్రాణం, అది వేరే సంగతి.

చిరుగాలి
చెప్పినందుకు థాంక్స్ అక్కా.

నర్సమ్మ_27
రెండు రోజులుగా చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకుంటూ. నేను కౌంటరుకి అవతలి వైపు మనిషిని. "ఇన్నాళ్ళు ఏం చేశావ్" అని నేనూ అన్నాను, చాలాసార్లు. తులసికోట గారూ, మీకు నేను కాకపోయినా ఆ మాటకు క్షమించండి.

కానీ మా వైపూ వినండి. చెకప్ రోజు ఒక్కదాన్నే ఉంటాను. బయట బెంచీ నిండిపోయి గోడ వారగా కూర్చుని ఉంటారు. బరువు, బీపీ, పొట్ట కొలవడం, బిడ్డ గుండె చప్పుడు, రక్తం, మూత్రం, ఇంజెక్షను, మాత్రలు, కార్డు, రిజిస్టరు, మళ్ళీ అదే ట్యాబ్‌లో. మనిషికి ఐదు నిమిషాలు కూడా రావు. ఆ ఐదులో మూడు రాతపనికే పోతాయి. ఏడో నెలలో మొదటిసారి వచ్చిన ఆమె హీమోగ్లోబిన్ 6 ఉందని, అంటే రక్తం బాగా తక్కువని చూస్తే భయం వేస్తుంది. ఆ భయమే నోట్లోంచి కోపంగా వస్తుంది. అది సరైనదని అనట్లేదు.

తులసికోట
భయంతో అంటారని నాకు ఎప్పుడూ తోచలేదు. మీరు రాసినందుకు నా మనసు తేలికపడింది.

వెన్నెలదారి
నర్సమ్మ గారూ, మీతోనే ఒకటి అడగాలి. ఆ పాత కార్డు ఫోటో తీసుకున్నాను (ఆమె ఒప్పుకున్నాకే). నాలుగు విజిట్లు, నాలుగు తేదీలు. బీపీ గడిలో నాలుగుసార్లూ 110/70. ఒకే పెన్ను, ఒకే వాలు. నిజంగా నాలుగుసార్లూ అంతే ఉంటుందా?

నర్సమ్మ_27
ఉండదండీ. అంత కచ్చితంగా ఉండదు. మిషను పాడైనప్పుడో, లైను బాగా ఉన్నప్పుడో అలా రాసేస్తారు. నేను చూశాను. దీనికి నా దగ్గర సమాధానం లేదు.

గణితం_మాస్టారు
మనసు కలుక్కుమంది. ఎందుకంటే నా డేటాలో ఆమె "4 విజిట్లు పూర్తి" అనే గడిలో ఉంటుంది. ఆమె బీపీ ఎవరూ చూడలేదు, అయినా లెక్కలో ఆమె బాగా సేవ అందుకున్న తల్లి.

విజిట్ల లెక్కకీ, అందిన సేవకీ ఎంత దూరమో భారతదేశం అంకెల్లోనే చూడొచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మొదటి మూడు నెలల్లో చెకప్‌కి వెళ్ళినవాళ్ళు 70 శాతం, నాలుగు లేదా ఎక్కువసార్లు వెళ్ళినవాళ్ళు 58.1 శాతం, ఐరన్ మాత్రలు 180 రోజులు వేసుకున్నవాళ్ళు 26 శాతం. మొదట వచ్చినవాళ్ళు మధ్యలో ఎక్కడ జారిపోయారు అన్నది అసలు ప్రశ్న.

శారదరాత్రి
ఐరన్ మాత్రల గురించి నన్నడగండి. మలబద్ధకం, కడుపులో తిప్పడం, విరేచనం నల్లగా రావడం. నల్లగా చూసి లోపల రక్తం పోతోందేమో అని హడలిపోయి మానేశాను. అది మామూలేనని ఇచ్చేటప్పుడు ఒక్క ముక్క చెప్పి ఉంటే వేసుకునేదాన్ని.

స్టెతస్కోప్
ప్రసూతి వైద్యురాలిని. ముందు ఇక్కడున్న గర్భిణుల కోసం: ఐరన్‌తో మలం నల్లబడటం మామూలే, మానొద్దు. వికారంగా ఉంటే రాత్రి పడుకునే ముందు వేసుకోండి. అప్పటికీ పడకపోతే మీ డాక్టరుకి చెప్పండి, మార్చి ఇస్తారు.

ఆలస్యంగా వస్తే మేం ఏం కోల్పోతామో కూడా చెప్తాను, ఎందుకంటే "రాకపోయినా పుట్టేస్తారుగా" అనేవాళ్ళు చాలామంది. బిడ్డ వెన్నెముక, మెదడు తయారయ్యే గొట్టం నెల తప్పిన రెండు మూడు వారాలకే మూసుకుపోతుంది. ఫోలిక్ యాసిడ్ అప్పటికే ఒంట్లో ఉండాలి. బీపీ పెరిగే ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్ళకు చిన్న మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతాం, అది 20 వారాల లోపు అయితేనే మంచిది. ఏడో నెలలో వచ్చిన ఆమెకు ఆ రెండు తలుపులూ మూసేసి ఉంటాయి. 20 వారాల తర్వాత బీపీ 140/90 దాటి, మూత్రంలో ప్రొటీన్ పోతుంటే అది ఫిట్స్ దాకా వెళ్ళొచ్చు. పెద్దవాళ్ళు గుర్రపువాతం అంటారే, అదే. బీపీ పెరిగినా చాలామందికి ముందుగా ఏమీ తెలియదు, హాయిగా తిరుగుతుంటారు. కాబట్టి "ఒంట్లో బాగానే ఉంది కదా" అనే మాట నాకు చాలా భయం.

2023లో ప్రపంచంలో గర్భం, కాన్పు కారణాలతో చనిపోయిన స్త్రీలు సుమారు 2,60,000 మంది అని అంచనా. అందులో 92 శాతం పేద, దిగువ మధ్య ఆదాయ దేశాల్లోనే. చెకప్ ఒక్కటే వీళ్ళందరినీ కాపాడుతుందని చెప్పను. ఎక్కువ మరణాలు కాన్పు సమయంలో, ఆ తర్వాతే. కానీ ఎవరికి ప్రమాదం పొంచి ఉందో ముందే తెలిసేది అక్కడే.

పెద్దక్క_64
మా కాలం మాట. మాకు చెకప్‌లు లేవు, ఐదుగురిని ఇంట్లోనే కన్నాను. కోడలు ఆసుపత్రి అంటే "గర్భం జబ్బా ఏమిటి" అన్నదాన్ని నేనే. ఇక్కడ ఎవరూ అత్తల వైపు రాయలేదు కాబట్టి రాస్తున్నాను. మాకు చెడ్డ మనసు కాదమ్మా. మూడు నెలలు నిండకుండా బయట చెప్తే గర్భం నిలవదని మాకు భయం. నాకు ఇద్దరు అలాగే పోయారు. ఆ భయం ఎవరూ తీర్చలేదు. మా కోడలికి బీపీ వచ్చినప్పుడు డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచి కుర్చీ వేసి చెప్పింది. తర్వాత ప్రతిసారీ నేనే తీసుకెళ్ళాను. అత్తల్ని గుమ్మం బయట నిలబెడితే ఇంట్లో ఇంకేం చెప్తాం?

బండి_చక్రం
పెద్దమ్మా, ఈ మాట మా అమ్మకి చదివి వినిపిస్తాను.

స్టెతస్కోప్
పెద్దక్క గారూ, మీరు చెప్పిన భయం చాలా దేశాల్లో ఉంది. ఆఫ్రికాలో పనిచేసిన నా స్నేహితురాలు కూడా ఇదే చెప్పేది, తొలి నెలల్లో చెప్తే దిష్టి తగులుతుందని దాచుకుంటారని. కాబట్టి తొందరగా రమ్మని చెప్తే చాలదు, వచ్చింది నలుగురికీ తెలియకుండా చూడాలి. ఆరోగ్య కార్యకర్త యూనిఫాంలో ఇంటి ముందు నిలబడి పేరు పెట్టి పిలిస్తే ఆ గుట్టు ఏం మిగులుతుంది?

గణితం_మాస్టారు
డబ్బు ప్రోత్సాహకాల గురించి ఎవరూ ఎత్తలేదు. రువాండాలో ఆసుపత్రులకు పనిని బట్టి డబ్బు ఇచ్చే పద్ధతి పెట్టారు. 2011లో ఫలితాలు వచ్చాయి. ఆసుపత్రి కాన్పులు బాగా పెరిగాయి. నాలుగు చెకప్‌లు పూర్తి చేసుకున్నవాళ్ళ సంఖ్య మాత్రం పెరగలేదు. కాన్పుకి ఎలాగూ ఒకసారి వస్తారు. చెకప్ అంటే నాలుగుసార్లు ఇంటి నుంచి బయలుదేరాలి. ఆ బయలుదేరడం ఆసుపత్రికి డబ్బిస్తే జరగదు.

పాత_సైకిల్
మరి ఎక్కడైనా పనిచేసింది ఉందా? అన్నీ సమస్యలే చెప్తున్నారు.

వెన్నెలదారి
ఉంది. నేపాల్‌లోని మక్వాన్‌పూర్. ఊళ్ళో ఆడవాళ్ళు నెలకోసారి కూర్చుంటారు. స్థానికంగా ఉండే ఒకామె కూర్చోబెడుతుంది, ఆమె డాక్టరూ కాదు, నర్సూ కాదు. మన ఊళ్ళో గర్భిణులకు ఏ ఇబ్బందులు వస్తున్నాయి, మనమే ఏం చేయగలం అని మాట్లాడుకుంటారు, అంతే. 2004లో ఫలితాలు వచ్చాయి: ఈ బృందాలున్న చోట నవజాత శిశు మరణాలు 30 శాతం తక్కువ, చెకప్‌కి వెళ్ళినవాళ్ళూ ఎక్కువ. శ్రీలంకలో ఇంకో దారి. ప్రతి ప్రాంతానికీ ఒక ప్రజారోగ్య మంత్రసాని ఉంటుంది, గర్భిణి ఇంటికి ఆమే వెళ్తుంది. ఆమెకు ఆ ఇల్లు తెలుసు, ఆ అత్తగారు తెలుసు.

నా వాదనకు బలం ఇచ్చింది మాత్రం 2013లో వచ్చిన మరో అధ్యయనం. 15 దేశాల స్త్రీలు చెప్పిన మాటల్ని కలిపి చదివారు. చెకప్‌కి ఎందుకు పోరు అంటే మూడు తేలాయి: గర్భం ఆరోగ్యకరమైన స్థితే అనుకోవడం, ఉన్న కాస్త డబ్బూ సమయమూ బతకడానికే సరిపోవడం, మొదటిసారి వెళ్ళినప్పుడే మనసు విరిగిపోవడం. మూడోది చదివినప్పుడు నాకు ఆ ప్లాస్టిక్ కవరే గుర్తొచ్చింది.

నర్సమ్మ_27
మొదటి విజిట్ మాట నిజం. మొన్నటి నుంచి ఒకటి మార్చాను. కొత్తగా వచ్చినవాళ్ళని లైను చివర్లో కాకుండా మధ్యాహ్నం రద్దీ తగ్గాక కూర్చోబెడుతున్నాను, ముందే చెప్పి. "ఇన్నాళ్ళు ఏం చేశావ్" బదులు "వచ్చావు, మంచి పని చేశావు" అంటున్నాను. రాతపని ఇంటికి తెచ్చుకుంటున్నాను, అది ఎన్నాళ్ళు సాగుతుందో తెలియదు. రెండో మనిషిని ఇవ్వమని అర్జీ కూడా పెట్టాను.

పాత_సైకిల్
అశ్రద్ధ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా ఇంట్లో కోడలికి ఐదో నెల. చెకప్‌కి ఎవరు తోడు వెళ్తున్నారని ఈ రోజే అడిగాను. ఒక్కతే వెళ్తోందట. ఇంట్లోనే ఉండి నాకు తెలియదు. వచ్చేసారి నేను పిల్లాణ్ణి చూసుకుంటాను, మా ఆవిడ తోడు వెళ్తుంది.

తులసికోట
పిల్లాణ్ణి చూసుకోవడమే పెద్ద సాయం సార్. నిజంగా.

శారదరాత్రి
వెన్నెలా, ఆ ఏడో నెల అమ్మాయి సంగతి ఏమైంది? అందరం రిపోర్టు గురించే మాట్లాడుతున్నాం.

వెన్నెలదారి
నిన్న ఆమెతో పాటు నేనూ వెళ్ళాను అక్కా. రాననే అంది, "మీరు లోపలికి కూడా వస్తారా" అని రెండుసార్లు అడిగి బయలుదేరింది. నర్సు పట్టీ చుట్టి బీపీ చూసింది, మళ్ళీ ఐదు నిమిషాలు కూర్చోబెట్టి ఇంకోసారి చూసింది. 142/90. మూత్రం పరీక్ష చేశారు, ప్రొటీన్ లేదు. పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చారు, రేపు వెళ్ళాలి.

స్టెతస్కోప్
రేపటి దాకా తలనొప్పి, కళ్ళు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, ఏది వచ్చినా ఆగొద్దు, వెంటనే తీసుకెళ్ళండి. రాత్రయినా సరే. తోడు ఎవరున్నారు?

వెన్నెలదారి
వాళ్ళ అత్తగారు. పెద్దక్క గారు చెప్పినట్టే నర్సు ఆమెను కూడా లోపలికి పిలిచింది. కొత్త కార్డు ఇప్పుడు ఆవిడ దగ్గరే ఉంది.

బండి_చక్రం
రేపు బండి కావాలంటే చెప్పండి. నేను ఇక్కడ లేకపోయినా తెలిసిన డ్రైవర్ని పంపిస్తాను, ఎన్ని గంటలకో రాయండి చాలు.